అక్షరాలు గెంతుతుంటే చదివేదెలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో సగానికి పైగా ఒకే గొడవ: వెబ్‌సైట్లలో కదిలే అక్షరాలు. పైనుంచి పడేవి, పక్కనుంచి జారేవి, టైపు కొట్టినట్టు ఒక్కొక్కటే వచ్చేవి, మిణుకుమిణుకుమనేవి. చేసేవాళ్లు రాశారు, డబ్బులిచ్చి చేయించుకునేవాళ్లు రాశారు, చూడలేక తిట్టుకునేవాళ్లూ రాశారు. అందుకే మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి ఇవే తీసుకున్నాను. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు, ఊరు మాత్రం ఉంటుంది.

ప్రశ్న: అన్నా, నేను ఇంజినీరింగ్ ఫైనలియర్. మా మావయ్యకి పలాసలో జీడిపప్పు వ్యాపారం, ఆయనకో వెబ్‌సైట్ చేస్తున్నాను. హెడ్డింగ్‌లో అక్షరాలు ఒక్కొక్కటే పైనుంచి పడేలా ఎఫెక్ట్ పెట్టాను. ఇంగ్లీషులో సూపర్‌గా వస్తోంది. తెలుగులో 'శ్రీకాకుళం' అని పెడితే మాత్రం ముక్కలు ముక్కలై, మధ్యలో చుక్కల సున్నాలతో వస్తోంది. మూడు ఫాంట్లు మార్చాను, అంతే. — శ్రీకాకుళం

జవాబు: ఫాంట్‌ని తిట్టకు తమ్ముడూ, దాని తప్పేం లేదు. తప్పంతా కత్తెరది. నువ్వు వాడిన లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, పదాన్ని ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కని ఒక్కో డబ్బాలో పెట్టి, ఆ డబ్బాల్ని పైనుంచి పడేస్తుంది. ఇంగ్లీషులో ఒక అక్షరమంటే ఒకే ముక్క కాబట్టి అక్కడ ఇబ్బంది రాలేదు. మన లెక్క వేరు. 'శ్రీకాకుళం'లో ఎన్ని అక్షరాలని ఒకటో క్లాసు పిల్లాణ్ణి అడుగు, శ్రీ, కా, కు, ళం, నాలుగు అంటాడు. వెబ్ పేజీల్ని ఆడించే జావాస్క్రిప్ట్ భాషని లెంగ్త్, అంటే పొడవెంత అని అడుగు, పది అంటుంది. శ, దాని పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, మళ్లీ క, కొమ్ము, ళ, సున్న. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే పద్ధతి యూనికోడ్‌లో మన రాత ఇలాగే విడివిడిగా ఉంటుంది, తెర మీద గీసేటప్పుడు పక్కపక్కనున్న వాటిని చూసుకుని బ్రౌజర్ కలిపి గీస్తుంది. నువ్వేమో అక్షరం కదలడం కోసం ప్రతి ముక్కకీ ఇన్‌లైన్ బ్లాక్ ఇచ్చావు, అంటే మధ్యలో గోడ కట్టేశావు. ఆ గోడకి అవతల గుడిదీర్ఘం ఒక్కతే మిగిలిపోయింది, కూర్చోవడానికి హల్లు లేదు. అలాంటప్పుడు బ్రౌజర్ దానికి వేసే పీటే ఆ చుక్కల సున్నా.

దీనికి మందు ఉంది. జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్ అని ఒకటి ఉంది, దానికి భాష తెలుగు అని చెప్పి, గ్రాఫీమ్ లెక్కన, అంటే కంటికి ఒకటిగా కనిపించే అక్షరం లెక్కన విడగొట్టమంటే పొల్లుల్నీ గుణింతాల్నీ హల్లు నుంచి విడదీయకుండా ఇస్తుంది. క్రోమ్‌లో 2020 నుంచి, సఫారీలో 2021 నుంచి ఉంది, ఫైర్‌ఫాక్స్‌కి మాత్రం 2024లో వచ్చింది. కానీ ఇక్కడో తిరకాసు. వత్తులున్న అక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి వచ్చింది 2023లో, 15.1 వెర్షన్‌తో. అంతకుముందు నియమాలతో నడిచే పాత బ్రౌజర్‌లో 'శ్' ఒక ముక్క, 'రీ' ఇంకో ముక్క అవుతాయి. చుక్కల సున్నా రాదు గానీ 'శ్ రీకాకుళం' అని పడుతుంది. మీ మావయ్య కస్టమర్లందరూ కొత్త ఫోన్లే వాడతారని నువ్వు పూచీ ఇవ్వలేవు కదా.

టైపు కొట్టినట్టు వచ్చే ఎఫెక్ట్ పెట్టుకుంటానంటావేమో, అందులో గోడలుండవు కాబట్టి చుక్కల సున్నాలు రావు, నిజమే. కానీ ఏం కనిపిస్తుందో ఒకసారి నెమ్మదిగా నడిపి చూడు. ముందు 'శ' వస్తుంది, తర్వాత అది 'శ్' అవుతుంది, తర్వాత 'శ్ర', ఆ తర్వాత 'శ్రీ'. ఒక్క అక్షరం కుదురుకునేలోపు నాలుగు మొహాలు పెట్టింది. ఇంగ్లీషులో ఏ, బీ, సీ వరసగా వచ్చి నిలబడతాయి, తర్వాతది వచ్చిందని ముందుది రూపు మార్చుకోదు. మన రాతలో మారుతుంది. అందుకే తెలుగు టైపింగ్ ఎఫెక్ట్ చూస్తే టైపు కొడుతున్నట్టు కాదు, ఎవరో తప్పులు దిద్దుకుంటున్నట్టు ఉంటుంది.

నా మాట వింటే అక్షరాల జోలికే వెళ్లకు, పదాలుగా విడగొట్టు. 'పలాస', 'జీడిపప్పు', 'శ్రీకాకుళం', 'జిల్లా', నాలుగు ముక్కలు ఒకదాని వెనక ఒకటి మెల్లగా పైకి తేలితే చాలు, ఏ బ్రౌజరైనా తట్టుకుంటుంది, చదివేవాడూ తట్టుకుంటాడు. ఖాళీ ఉన్న చోట కోస్తే సరిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకో: మధ్యలో ఉండే ఖాళీని డబ్బా లోపల పెట్టకు, బయట ఉంచు. లేకపోతే పదాలన్నీ అతుక్కుపోయి 'పలాసజీడిపప్పు' అని పడుతుంది.

ప్రశ్న: నాకు చూపు లేదు. ఫోన్లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని అన్నీ నేనే చదువుకుంటాను. మా తమ్ముడి డిగ్రీ అడ్మిషన్ కోసం ఒక కాలేజీ వెబ్‌సైట్ తెరిస్తే పైన హెడ్డింగ్‌ని 'వి' అని ఆగింది, వేలు జరిపితే 'జ' అంది, మళ్లీ జరిపితే 'య' అంది. మా ఊరి పేరు వినడానికే ఆరుసార్లు జరిపాను. పైగా నేను ఫీజుల వివరాలు వింటుండగా ఏదో నోటీసు మధ్యలో దూరి మాట్లాడుతోంది, ఒక్కోసారి సగం మాటే పలికి మళ్లీ మొదటికొస్తోంది. నా ఫోన్ పాడైందా? — విజయనగరం

జవాబు: మీ ఫోన్ నిక్షేపంగా ఉంది అమ్మా. పైన తమ్ముడికి చెప్పిన కత్తెర జబ్బే ఇది కూడా. ఆ సైటు చేసినాయన ఊరి పేరుని ఆరు డబ్బాల్లో పెట్టాడు, చుక్కల సున్నాలు రాకుండా జాగ్రత్త పడ్డాడు, అంతవరకు మెచ్చుకోవాలి. కళ్లున్నవాళ్లకి ఆరూ పక్కపక్కన కూర్చుని ఒక పదంలా కనిపిస్తాయి, ఆయన పరీక్ష అక్కడితో అయిపోయింది. టాక్‌బ్యాక్‌కి మాత్రం అవి ఆరు వేరు వేరు వస్తువులు. అన్ని సైట్లలోనూ ఇలాగే జరుగుతుందని కాదు, ఒక్కోసారి టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ ముక్కల్ని తనే కలిపి చదివేస్తుంది, ఒక్కోసారి చదవదు, ఆ అదృష్టం మీద ఆధారపడి సైటు కట్టడమే తప్పు.

ఆ మధ్యలో దూరే నోటీసు సంగతి ఇది. పేజీలో ఏదైనా మారితే వెంటనే చదివి వినిపించమని స్క్రీన్ రీడర్‌కి చెప్పే ఏర్పాటు ఒకటుంది, ఆరియా లైవ్ అంటారు. 'మీ ఫారం అందింది', 'పాస్‌వర్డ్ తప్పు' లాంటి ఒక్క ముక్క మాటల కోసం అది. దాన్ని తీసుకెళ్లి టైపు కొట్టే ఎఫెక్ట్‌కి తగిలించారు. కొత్త అక్షరం పడిన ప్రతిసారీ 'మారింది, మారింది' అని అది మీకు చెబుతూనే ఉంటుంది.

ఇప్పటికి మీ చేతిలో ఉన్న ఉపాయం: టాక్‌బ్యాక్ రీడింగ్ కంట్రోల్స్‌లో 'హెడ్డింగ్స్' ఎంచుకుంటే ఆ ముక్కల్ని ఒక్కొక్కటిగా దాటే బాధ లేకుండా కింది హెడ్డింగ్‌కి దూకవచ్చు. ఆ పేజీకి హెడ్డింగులు సరిగ్గా పెట్టి ఉంటేనే అనుకోండి.

ఇది చదువుతున్న డిజైనర్లకి: రెండు కాపీలు పెట్టండి. ఒకటి పూర్తి వాక్యం, ముక్కలు చేయనిది, తెర మీద కనిపించదు కానీ స్క్రీన్ రీడర్‌కి వినిపిస్తుంది. రెండోది మీ ఆటలాడే కాపీ, దానికి ఆరియా హిడెన్ పెట్టండి, కళ్లకి కనిపిస్తుంది, చెవికి వినిపించదు. మొదటి కాపీని దాచడానికి డిస్‌ప్లే నన్ వాడితే మాత్రం చెవికీ దక్కదు, ఒక పిక్సెల్‌కి కత్తిరించి దాచే పాత చిట్కానే వాడాలి. ముక్కలకి డబ్బా కట్టే స్పాన్ ట్యాగ్‌కి, 'దీన్ని ఇలా చదువు' అని చెప్పే ఆరియా లేబుల్ తగిలించి చేతులు దులుపుకునేవాళ్లు చాలామందిని చూశాను, ఉత్త స్పాన్ మీద, ఉత్త డివ్ మీద ఆ లేబుల్ పెట్టకూడదని ఆరియా నియమాల్లోనే ఉంది, పెట్టినా చదువుతుందన్న నమ్మకం లేదు.

అమ్మా, ఇంకొకటి. ఆ కాలేజీకి ఒక ఉత్తరం రాయండి. ఏ పేజీ, ఏ ఫోను, అది ఏం చదివింది, ఈ మూడూ రాస్తే చాలు, మీరు నాకు రాసినంత వివరంగా రాస్తే వాళ్ల డిజైనర్‌కి అరగంట పని. దయ చూపమని అడుగుతున్నట్టు రాయకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలన్న మాట ఉంది, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. ఆ రెండు ముక్కలూ ఉత్తరం చివర వేయండి.

ప్రశ్న: రిటైరైన టీచర్ని, అరవై రెండేళ్లు. మా అబ్బాయి ఫోను కొనిచ్చాడు. కొన్ని వెబ్‌సైట్లు తెరిచి కిందికి జరుపుతుంటే అక్షరాలు ఒకవైపు, బొమ్మలు ఇంకోవైపు జారుతూ తల తిరిగినట్టు ఉంటోంది, ఒకరోజైతే వాంతి వచ్చేటట్టు అయింది. పేపరు చదివితే ఏమీ లేదు. వయసు ప్రభావమా? — బొబ్బిలి

జవాబు: మాస్టారూ, ఫోను పక్కన పెట్టాక కూడా తల తిరుగుతుంటే ముందు డాక్టరుగారికి చూపించుకోండి, అది నా శాఖ కాదు. ఆ సైట్లు చూసినప్పుడు మాత్రమే అయితే మీరొక్కరే కాదు, పాతికేళ్ల కుర్రాళ్లకీ అవుతుంది.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి కూర్చున్నప్పుడు పక్కనున్న బస్సు మెల్లగా వెనక్కి కదిలితే మన బస్సే బయల్దేరిందనుకుని ఉలిక్కిపడతాం చూడండి. కళ్లు కదిలామంటాయి, లోపలి చెవి కదల్లేదంటుంది. మన ఒంటికి తూకం చెప్పేది ఆ లోపలి చెవే. ఆ రెంటికీ మాట కుదరకపోతే తల తిరుగుతుంది, కొందరికి వికారం, మైగ్రేన్ ఉన్నవాళ్లకి తలనొప్పి. తెర నిండా అక్షరాలు పెద్ద పెద్ద దూరాలు జారడం, పేజీ ఒక వేగంతో అక్షరాలు ఇంకో వేగంతో వెళ్లడం, దగ్గరికి దూసుకొచ్చినట్టు పెద్దవవడం, ఇవీ ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి. 2013లో యాపిల్ వాళ్లు ఐఓఎస్ 7లో ఇలాంటి జూమ్ ఎఫెక్టులు తెస్తే తల తిరుగుతోందని జనం గోల పెట్టారు, ఆ కదలికలు తగ్గించుకునే ఏర్పాటుని వెంటనే ఒక అప్‌డేట్‌లో సరిచేసి ఇవ్వాల్సి వచ్చింది.

ఆ స్విచ్ ఇప్పుడు అన్ని ఫోన్లలోనూ ఉంది. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి 'రిమూవ్ యానిమేషన్స్' ఆన్ చేయండి, కంపెనీని బట్టి అది ఇంకో మెనూ లోపల ఉండొచ్చు, పేరూ కొంచెం మారొచ్చు, సెట్టింగ్స్ పైన వెతికే గడిలో 'యానిమేషన్' అని కొడితే దొరుకుతుంది. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ, మోషన్, 'రెడ్యూస్ మోషన్'. మీ అబ్బాయి కంప్యూటర్లో విండోస్ 11 ఉంటే యాక్సెసిబిలిటీలో విజువల్ ఎఫెక్ట్స్ కింద 'యానిమేషన్ ఎఫెక్ట్స్' ఆఫ్ చేయాలి.

అలా పెట్టాక కూడా కొన్ని సైట్లు కదులుతూనే ఉంటాయి, అప్పుడు నన్ను తిట్టకండి. మీ ఫోను బ్రౌజర్‌కి చెబుతుంది, బ్రౌజర్ సైటుకి చెబుతుంది, వినాల్సింది సైటు. వినే పద్ధతి పేరు ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్, పేజీ రూపురేఖలు రాసే సీఎస్ఎస్‌లో 'ఇలా అయితేనే' అని షరతు పెట్టే మీడియా క్వెరీ. సఫారీలో 2017 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 2018 నుంచి, క్రోమ్‌లో 2019 నుంచి ఉంది, అంటే ఇప్పుడు మాకు తెలియదనడానికి డిజైనర్లకి సాకు లేదు. నేను రాసే పద్ధతి తలకిందులుగా ఉంటుంది: ముందు కదలికే లేకుండా పేజీ చేసేస్తాను, 'ఈయనకి కదలిక అభ్యంతరం లేదు' అని బ్రౌజర్ చెప్పినప్పుడు మాత్రమే ఎఫెక్ట్ కలుపుతాను. అప్పుడు ఎక్కడైనా నేను మర్చిపోయినా మాస్టారి తల తిరగదు. తగ్గించమన్నారు కదా అని అన్నీ పీకేయనక్కర్లేదు, జారుతూ వచ్చే మాటని ఉన్నచోటే మెల్లగా తేలేలా మారిస్తే చాలామందికి బాధ ఉండదు.

ప్రశ్న: బాబూ, నాది బట్టల షాపు. పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరకి ఏటా ఆఫర్లు పెడతాను. వెబ్‌సైట్ పైన ఆఫర్లన్నీ టీవీ న్యూస్‌లో లాగా పరిగెడుతూ ఉండాలి, '50 శాతం' అన్నది ఎర్రగా మెరుస్తూ ఉండాలి అన్నాను. డిజైనర్ అమ్మాయి రూల్స్ ఒప్పుకోవంటోంది. నా షాపుకి ఎవరి రూల్సు? కదలకపోతే జనం చూస్తారా? — విజయనగరం

జవాబు: షావుకారు గారూ, ఆ అమ్మాయిని మార్చకండి, మంచి పనిమంతురాలు దొరికింది మీకు.

మీ మాటే తీసుకుందాం. విజయదశమి తర్వాత మంగళవారం నాడు పూజారిని కూర్చోబెట్టిన ఆ పొడవాటి సిరిమాను కదులుతుంటే లక్షల కళ్లు దాని మీదే ఎందుకు ఉంటాయి? అంత జనంలో అంత ఎత్తున కదిలేది అదొక్కటే, అదీ మెల్లగా, కోట దగ్గరికి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. అదే రోజు చుట్టూ ఉన్న మేడలన్నీ కూడా ఊగుతుంటే మీరు దేన్ని చూసేవారు? మీ పేజీ పైన ఆఫర్లు పరిగెడుతుంటాయి, పక్కన '50 శాతం' మెరుస్తుంటుంది, మధ్యలో చీరల బొమ్మలు వాటంతటవే మారుతుంటాయి, కింద 'ఇప్పుడే కొనండి' అన్న బటన్ ఎగురుతుంటుంది. కస్టమర్ కన్ను దేని మీదా నిలవదు.

ఇంకోటి, బస్సు నుదుటి మీద ఎర్ర అక్షరాల బోర్డు పరిగెడుతుంటుంది చూడండి. పాలకొండ వెళ్లేదో పార్వతీపురం వెళ్లేదో తెలియాలంటే ఆ పేరు తిరిగి వచ్చేదాకా నిలబడాలి, అది వచ్చేసరికి బస్సు కదిలిపోతుంది. పాత బస్సుకి పెయింటుతో రాసిన బోర్డే నయం, చూడగానే తెలిసేది. మీ ఆఫర్లలో నాలుగోది చదవాలంటే కస్టమర్ మొదటి మూడూ దాటేదాకా ఆగాలి. నెమ్మదిగా కూడబలుక్కుని చదివేవాళ్లకైతే ఏదీ పూర్తి కాదు, సగంలో ఉండగానే తెర దాటిపోతుంది.

ఇక రూల్సు ఎవరివంటారా, డబ్ల్యూ త్రీ సీ అని వెబ్ ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ పెట్టినవి, డబ్ల్యూసీఏజీ అంటారు. 2008 నాటి 2.0లోనే ఈ రెండూ ఉన్నాయి. ఒకటి, దానంతటదే మొదలై 5 సెకన్లకి మించి మిగతా విషయం పక్కన కదులుతూనో మెరుస్తూనో ఉండేదానికి ఆపుకునే వీలు ఉండాలి. కర్సర్ పైన పెడితే ఆగుతుందిలే అంటారు కొందరు, ఫోనుకి కర్సర్ ఎక్కడుంది? కనిపించే పాజ్ బటన్ కావాలి, కీబోర్డుతో కూడా నొక్కగలిగేది. రెండు, ఏదీ సెకనుకి మూడుసార్లకి మించి తళుక్కుమనకూడదు, పెద్దగా ఉన్నది, ఎర్రగా ఉన్నది అయితే మరీ ప్రమాదం. ఇది అందం గురించి పెట్టింది కాదు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ ఒక ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మార్చి మార్చి వేస్తే ఆరు వందల మందికి పైగా పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు, కొందరికి మూర్ఛ వచ్చింది. మీ '50 శాతం' టీవీ అంత పెద్దది కాదు, నిజమే. అయినా ఆ రిస్కు మీకెందుకు?

పరిగెత్తించే ఆ పాత మార్కీ ట్యాగ్‌ని కూడా ప్రమాణాల్లో వాడొద్దన్నారు. మెరిపించే బ్లింక్ ట్యాగ్‌ని ఫైర్‌ఫాక్స్ 2013లోనే తీసేసింది.

ఇలా చేయించండి: ఆఫర్లు నాలుగూ నాలుగు వరసల్లో కదలకుండా రాయించండి, అన్నిటికన్నా పెద్దది పైన. '50 శాతం' పేజీ తెరవగానే ఒక్కసారి కొంచెం పెద్దదై మామూలుకి రావాలి, అర సెకను, అంతే, మళ్లీ కదలకూడదు. అదొక్కటే కదులుతుంది కాబట్టి దాని మీదే చూపు పడుతుంది. ఎర్ర అక్షరాలు పసుపు మీద వేయమనకండి, అక్షరానికీ వెనక రంగుకీ తేడా 4.5కి 1 అయినా ఉండాలి, ఎండలో షాపు బయట నిలబడి ఫోను చూసే కస్టమర్‌కి అది మీ యానిమేషన్ కన్నా ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: ఇంట్లోనే కూర్చుని వెబ్ డిజైన్ పనులు చేస్తున్నాను. అన్నీ వద్దు వద్దంటుంటే చివరికి ఏం వాడాలి? మీరు ఏం వాడతారు? — పొందూరు

జవాబు: మంచి ప్రశ్న వేశావు అమ్మా, పైన చదివితే నేను కదలికకే శత్రువునని అనిపిస్తుంది, కాదు. నాకు ఇష్టం. తప్పులు చేసి నేర్చుకున్నాను, అంతే.

ఒక చీరల షాపుకి సైటు చేశాను, చాలా ఏళ్ల కిందట. హెడ్డింగ్ ఒక గీత కింద నుంచి పైకి లేచి వచ్చేలా పెట్టాను, అందరూ పెట్టేదే, బయటి డబ్బాకి అంచు దాటింది కనిపించకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ ఇచ్చి లోపల మాటని కిందనుంచి పైకి జరపడం. ఇంగ్లీషు టెంప్లేట్ కాబట్టి లైన్ హైట్, అంటే ఒక్కో వరసకి ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకి 1.1 రెట్లే ఉంది, నేను ముట్టుకోలేదు. 'వస్త్రాలు' అన్న మాట గంభీరంగా లేచి వచ్చి నిలబడింది, కింద త వత్తు, ర వత్తు రెండూ డబ్బా అంచుకి తెగిపోయి. చూసేవాళ్లకి అది 'వసాలు'. ఓనరు గారు కూడా గమనించలేదు, నేనూ గమనించలేదు, రెండు రోజుల తర్వాత ఎవరో ఫోన్ చేసి 'ఏటండీ, వసాలమ్ముతున్నారట, పిల్లాడికి మాటలు రావట్లేదు, వస కొమ్ము కూడా ఉంటాదా?' అని అడిగారట. ఆ ఓనరు గారు నాకు చెప్పినప్పుడు నవ్వారు గానీ బిల్లులో రెండో సగం ఆరు వారాలకి గానీ రాలేదు.

అప్పట్నుంచి తెలుగు హెడ్డింగ్‌కి లైన్ హైట్ 1.5 కన్నా తగ్గించను, కత్తిరించే డబ్బా అయితే కింద ఇంకొంచెం ప్యాడింగ్ వేస్తాను, పైన గుడులకీ ఏత్వాలకీ కొంచెం. టెస్ట్ చేయడానికి మామూలు మాటలు పెట్టను, 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్యోత్స్న' పెడతాను, ఆ మూడూ తెగకుండా వస్తే ఇంకేదైనా వస్తుంది.

నేను వాడేవి తక్కువ. ఉన్నచోటే తేలడం, ఒపాసిటీతో, అంటే కనిపించనిది మెల్లగా కనిపించడం. పది పన్నెండు పిక్సెల్స్ మించకుండా పైకి జరగడం, ట్రాన్స్‌ఫామ్‌తో. రెండొందల నుంచి మూడొందల మిల్లీ సెకన్లు, హెడ్డింగ్ అయితే అర సెకను. ఏదీ లూప్‌లో తిరగదు. ఫాంట్ సైజు, అక్షరాల మధ్య ఖాళీ, వెడల్పు, వీటిని కదిలించను, అవి కదిలితే ప్రతి ఫ్రేములో పేజీ అంతా మళ్లీ కొలుచుకోవాలి, చవక ఫోను ఆయాసపడుతుంది, కింద ఉన్న పేరా కూడా పైకీ కిందికీ ఊగుతుంది. 'మేము నాణ్యం', 'మేము చౌక', 'మేము నమ్మకం' అని చివరి మాట మారుతూ ఉండే హెడ్డింగ్ ఈ మధ్య ప్రతి సైట్లోనూ ఉంది, దాన్ని అసలు చేయను, ఒక్కో మాట వెడల్పు ఒక్కోలా ఉండి పక్క మాటలు జరుగుతుంటాయి, 5 సెకన్ల రూలూ తగులుకుంటుంది. మూడు మాటలూ ఒకేసారి రాసేస్తే పోయిందేముంది?

కిందికి స్క్రోల్ చేస్తేనే కనిపించే పేరాలతో జాగ్రత్త. చాలామంది సీఎస్ఎస్‌లో ముందే ఒపాసిటీ సున్నా పెట్టేసి, జావాస్క్రిప్ట్ వచ్చాక పైకి తేలుస్తారు. మందస ఊరవతల సిగ్నల్ ఒక గీతే ఉన్నప్పుడు ఆ స్క్రిప్ట్ రాదు, పేజీ రంగు కాగితంలా ఖాళీగా ఉంటుంది. ముందు అంతా కనిపించేలా పెట్టు, స్క్రిప్ట్ వచ్చాక అదే ఒక క్లాస్, అంటే ఒక గుర్తు, తగిలించి, ఆ క్లాస్ ఉంటేనే దాచి చూపించేలా రాయి. ఫోన్ నంబరు, అడ్రసు, ధర, తప్పు చెప్పే ఎర్ర మెసేజ్, వీటికి ఏ ఎఫెక్టూ వద్దు. వాటికోసం వచ్చినవాళ్లు తొందరలో ఉంటారు.

ప్రశ్న: పాజ్ బటన్, రెండో కాపీ, ఇవన్నీ చేస్తే క్లయింట్‌ని అదనంగా డబ్బులడగొచ్చా? — ఆమదాలవలస

జవాబు: అడగొద్దు. ఎఫెక్ట్‌కి రేటు చెప్పేటప్పుడే కలిపి చెప్పు. అంత రేటు వద్దంటే ఎఫెక్ట్ తీసేయ్, బటన్ తీసేయకు.

ప్రశ్న: నా సైటు సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? నా దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్ తప్ప ఏమీ లేవు. — శ్రీకాకుళం

జవాబు: అవి చాలు. ల్యాప్‌టాప్‌లో క్రోమ్ డెవలపర్ టూల్స్ తెరిచి రెండరింగ్ అన్న ట్యాబ్‌లోకి వెళ్తే ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్‌ని ఉన్నట్టు నటించమని చెప్పే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టి పేజీ మళ్లీ లోడ్ చెయ్, ఇంకా ఏది కదులుతోందో రాసుకో. విండోస్ అయితే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, ఇయర్‌ఫోన్ పెట్టుకుని హెడ్డింగ్ దగ్గర్నుంచి బాణం కీతో కిందికి దిగు. ఫోన్లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి తెర చూడకుండా నీ సైట్లో ఫోన్ నంబరు వెతుకు. కానీ ఆన్ చేసే ముందు యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్‌కి వాల్యూమ్ కీల షార్ట్‌కట్ పెట్టుకో. ఎందుకంటే టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు ఒకసారి తాకితే ఎంచుకుంటుంది అంతే, రెండుసార్లు తడితేనే నొక్కినట్టు, రెండు వేళ్లతో జరిపితేనే స్క్రోల్. మొదటిసారి నేను ఆ సంగతి తెలియక ఆన్ చేసి, ఆఫ్ చేయలేక, ఫోను అరుస్తుంటే దిండు కింద పెట్టి మా పిన్ని కూతుర్ని పిలిపించుకున్నాను. షార్ట్‌కట్ ఉంటే వాల్యూమ్ కీలు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది.